గొడ్రాలు అన్న మాట, హజారీబాగ్‌లో పుట్టిన డాక్టరు

మా చిన్నమ్మను ఊళ్ళో గొడ్రాలు అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. శుభకార్యాల్లో పసుపు కుంకుమలు పంచేటప్పుడు ఆమె చేతికి పళ్ళెం ఇచ్చేవారు కాదు. ఎవరూ పొమ్మనలేదు, పళ్ళెం మాత్రం ఆమెను దాటి పక్కావిడ చేతికి వెళ్ళేది. శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి రావిచెట్టు చుట్టూ ఆమె ఎన్ని ప్రదక్షిణలు చేసిందో లెక్క పెట్టినవాళ్ళు లేరు. నాగప్రతిష్ఠ చేయించారు. కొండ దేవుడికి ముడుపు కట్టారు. ఎవరో తాయెత్తు కట్టారు, ఎవరో పసరు పోశారు.

మా నాన్న టాటా కంపెనీలో పనికి జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. 1976లో చిన్నమ్మను ఇక్కడికి పిలిపించి డాక్టరుకు చూపించారు. కదమాలో మా రెండు గదుల క్వార్టరులో నెల రోజులుంది. రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. "రెండు నాళాలూ మూసుకుపోయాయి, చెయ్యడానికి ఏమీ లేదు" అన్నారు. అప్పటికి అది నిజమే. ఆమెకు 29 ఏళ్ళు. తిరిగి వెళ్ళిన ఏడాదికి బాబాయికి మళ్ళీ పెళ్ళి చేశారు. చట్టం ఒప్పుకోదు కానీ ఊరు ఒప్పుకుంది. ఆ రెండో ఆమెకూ పిల్లలు కలగలేదు. అప్పుడైనా బాబాయిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలని ఎవరికీ తోచలేదు. ఊళ్ళో ఇద్దరు గొడ్రాళ్ళు అయ్యారు, అంతే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని ఇవాళ వైద్యులు చెబుతున్నారు. మన భాషలో మాత్రం గొడ్రాలికి సరిజోడీగా మగవాణ్ణి తిట్టే వాడుక మాట లేదు. వెతికి చూడండి.

నేను బి.కాం. వాణ్ణి. ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో బిల్లులు, వోచర్లు తనిఖీ చేయడంలో గడిచింది. స్త్రీ శరీరం గురించి రాయడానికి నాకేం అర్హత అని మన సంఘం మిత్రులు అడగవచ్చు. అర్హత లేదు. కానీ ఈ కథ చివరికి వచ్చేసరికి వైద్యం కన్నా తనిఖీ ప్రశ్నే ఎక్కువగా ఉంటుంది. అది నాకు తెలిసిన పని.

ముందు శరీరం సంగతి చూద్దాం.

మూసుకుపోయాయన్న ఆ నాళాలను సరిగ్గా వర్ణించినవాడు ఇటలీలోని పాదువాలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన ఫెలోపియో. ఆయన పుస్తకం 1561లో వెనిస్‌లో అచ్చయింది. చివర వెడల్పైన బాకాలాగా ఉందని దానికి బాకా పేరే పెట్టాడు. ఎందుకుందో ఆయనకు తెలియదు. అంతకు ముందు పద్నాలుగు వందల ఏళ్ళ పాటు యూరప్‌లో గేలెన్ మాటే వేదం. స్త్రీ అవయవాలంటే మగవాడివే లోపలికి తిప్పి పెట్టినవని ఆయన సిద్ధాంతం. 1672లో డచ్చి వైద్యుడు డి గ్రాఫ్ అండాశయం మీద నీటిబుడగల లాంటివి చూసి అవే అండాలనుకున్నాడు. అవి అండం ఉండే సంచులు. అసలు అండాన్ని కంటితో చూసిన మొదటివాడు కార్ల్ ఎర్నస్ట్ ఫాన్ బేర్. 1827లో, ఒక ఆడకుక్క అండాశయంలో చూశాడు. మనిషి అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అంటే మనిషికి తన పుట్టుక ఎక్కడ మొదలవుతుందో కనబడి ఇంకా రెండు వందల ఏళ్ళే అయింది. అంతకు ముందు రాసిన శాస్త్రాలన్నీ చూడకుండా రాసినవే.

మనువు లెక్క చూడండి. ఋతుకాలం పదహారు రాత్రులట. మొదటి నాలుగు నిషిద్ధం, పదకొండూ పదమూడూ నిషిద్ధం, మిగిలినవాటిలో సరి రాత్రులైతే కొడుకు, బేసి రాత్రులైతే కూతురు. పంచాంగాల వెనక పేజీల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తుంది. ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణమని 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగుల మీద పని చేసి చూపించింది. అయినా కూతుళ్ళను కన్నదని మన ఇళ్ళలో తిట్లు తినేది కోడలే.

మనువును వెక్కిరించి ఊరుకోకూడదు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ డాక్టర్లు అంతకన్నా గొప్పగా ఏమీ చెప్పలేదు. ఆడకుక్కను చూసి, స్త్రీకి కూడా రక్తస్రావం రోజుల్లోనే అండం విడుదలవుతుందనుకున్నారు. పిల్లలు వద్దనుకునేవాళ్ళు నెల మధ్యలో కలవండి, ప్రమాదం లేదు అని సలహా ఇచ్చారు. సరిగ్గా తలకిందులు! 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ వేరువేరుగా ఈ లెక్క సరిచేశారు. అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు సుమారు పద్నాలుగు రోజుల ముందు. అంటే లెక్క మొదటి నుంచి కాదు, చివరి నుంచి వెనక్కి పెట్టాలి.

ఈ అవయవాలు ఏర్పడే తీరు నన్ను ఆశ్చర్యపరిచింది. తల్లి కడుపులో మొదటి కొన్ని వారాలు పిండానికి ఆడ, మగ తేడా లేకుండా రెండు జతల గొట్టాలుంటాయి. ఒక జత మగ మార్గానికి, ఒక జత ఆడ మార్గానికి. రెండో జతను 1830లో ముల్లర్ వర్ణించాడు కనుక ఆయన పేరే దానికి. ఆడపిండంలో ముల్లర్ గొట్టాల పై భాగాలు విడివిడిగా ఉండిపోయి రెండు నాళాలవుతాయి. కింది భాగాలు మధ్యలోకి వచ్చి అతుక్కుని, మధ్య గోడ కరిగిపోయి, ఒకే గర్భాశయమవుతుంది. ఆ గోడ పూర్తిగా కరగకపోతే కొందరికి గర్భాశయం రెండు గదులుగా ఉండిపోతుంది. సుమారు అయిదువేల మంది ఆడపిల్లల్లో ఒకరికి గర్భాశయమే ఏర్పడదు. వాళ్ళనీ మనవాళ్ళు పూర్వజన్మ పాపం అంటారు. పుట్టకముందు మూడో నెలలోపు రెండు గొట్టాలు కలవకపోవడానికి ఏ జన్మ పాపం?

1947లో ఫ్రాన్స్‌లో జోస్ట్ కడుపులో ఉన్న కుందేలు పిల్లల బీజగ్రంథులు తీసేసి చూశాడు. మగవైనా ఆడవైనా అన్నీ ఆడ మార్గంతోనే పెరిగాయి. దాంతో ఏ ఆజ్ఞా లేకపోతే మిగిలేదే స్త్రీ అని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. అదీ పూర్తి నిజం కాదు. ఆడ పిండంలో మగ గొట్టాలు వాటంతటవే పోవు, పని గట్టుకుని తొలగించే ఏర్పాటు ఉందని 2017లో ఎలుకల మీద చేసిన పని తేల్చింది.

ఇక అండాల పద్దు. మా ఆఫీసులో స్టోర్సు లెడ్జరు అంటే రాబడి, ఖర్చు, నిల్వ ఉండాలి. అండాశయం లెడ్జరులో రాబడి కాలమ్ లేదు. ప్రారంభ నిల్వ ఒక్కటే. అయిదో నెల పిండంలో అరవై, డెబ్భై లక్షలు. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. రజస్వల అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. జీవితకాలంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు. మిగతాదంతా రైటాఫ్. ప్రతి నెలా చాలా అండాలు పెరగడం మొదలుపెడతాయి, ఒకటి పండుతుంది, తక్కినవి ఎండిపోతాయి. అలా ఎండిపోయేవాటిని కూడా పండించవచ్చా అన్న ప్రశ్నలోంచే మన కథ మొదలవుతుంది.

అండాలను పెంచే హార్మోను మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపుతుంది. బహిష్టులు ఆగిపోయాక అండాశయం జవాబివ్వదు కనుక పిట్యూటరీ ఇంకా గట్టిగా కేకలు పెడుతుంది. ఆ హార్మోను మూత్రంలో దండిగా పోతుంది. ఇటలీలో సెరోనో కంపెనీ రసాయనవేత్త దొనీనీ దాన్ని శుద్ధి చేశాడు. ముసలి సన్యాసినుల మఠాల నుంచి మూత్రం పోగుచేశారు. దానితో 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. మూత్రంలో మందు ఉందనగానే మన దేశంలో కొందరు గోశాల వైపు చూస్తారని తెలుసు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఏ పదార్థమో తెలుసు, ఎంత మోతాదో తెలుసు, ఇస్తే ఏమవుతుందో ఇవ్వకపోతే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూశారు.

ఆ మందును వాడినవాళ్ళలో ఒకరు సుభాష్ ముఖర్జీ. ఇప్పుడు మా ఝార్ఖండ్‌లో ఉన్న హజారీబాగ్‌లో 1931 జనవరి 16న పుట్టారు. కలకత్తాలో వైద్యం చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయంలో సంతానోత్పత్తి శరీరధర్మం మీద ఒక డాక్టరేటు, 1967లో ఎడిన్‌బరోలో జాన్ లోరెయిన్ దగ్గర హార్మోనుల మీద రెండోది. అక్కడే ఉండిపోకుండా తిరిగి వచ్చారు. కలకత్తాలోనూ తర్వాత బాంకుడా వైద్య కళాశాలలోనూ ప్రభుత్వ ఉద్యోగిగా పాఠాలు చెప్పారు. ఆయనతో పని చేసినవాళ్ళు ఇద్దరు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో శీతలీకరణ తెలిసిన సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య.

నాళాలు చెడిపోయిన ఒక స్త్రీకి హార్మోను ఇంజక్షన్లతో ఒకటికి మించి అండాలు పండించి, పొట్ట కోయకుండా యోని వెనక గోడ గుండా సూదితో వాటిని తీసి, గాజుపాత్రలో ఫలదీకరణ చేశారు. ఎనిమిది కణాల దశకు వచ్చిన పిండాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకం రక్షణలో గడ్డకట్టించి 53 రోజులు దాచారు. ఇంజక్షన్ల ప్రభావంతో ఆ నెల గర్భాశయపు పొర పిండాన్ని నిలబెట్టుకునే స్థితిలో ఉండదని, మరో సహజమైన నెల వరకు ఆగాలని ఆయన తర్కం. తర్వాత కరిగించి గర్భాశయంలో పెట్టారు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో ఆడపిల్ల పుట్టింది. దసరా రోజులు కనుక దుర్గ అన్నారు.

ఇంగ్లండులో స్టెప్టో, ఎడ్వర్డ్స్ చేతుల మీదుగా లూయీస్ బ్రౌన్ పుట్టింది అదే ఏడాది జులై 25న. దుర్గ పుట్టింది 67 రోజుల తర్వాత అని ఎక్కడ చూసినా రాస్తారు. క్యాలెండరు తీసి లెక్కపెట్టండి, 70 రోజులు. ఒకరు తప్పు రాస్తే వందమంది ఎత్తి రాశారు! ఇంకో లెక్క కూడా నేను వేశాను. అక్టోబరు 3 నుంచి నెలలు నిండిన కాన్పుకు పట్టే రోజులు వెనక్కి తీస్తే జనవరి నడుమకు వస్తాం. ఇంకో 53 రోజులు తీస్తే 1977 నవంబరు మూడో వారం. లూయీస్ తల్లి నుంచి అండం తీసింది 1977 నవంబరు 10న. రోజులు అటూ ఇటూ కావచ్చు, కానీ ఓల్డ్‌హామ్‌లో ఆ పని జరిగిన కొద్ది రోజులకే కలకత్తాలో ఇది జరుగుతోంది. వాళ్ళను చూసి చేసింది కాదు.

ప్రభుత్వ ఉద్యోగి కనుక అక్టోబరు 19న రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరుకు నివేదిక ఇచ్చారు. నవంబరు 18న ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ వేసింది. అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రవేత్త. మహానుభావుడే కావచ్చు, కానీ అండాశయానికీ రేడియో తరంగాలకూ సంబంధమేమిటి? కమిటీ ఈ దావా నమ్మదగినది కాదని తేల్చింది. అప్పుడు బెంగాల్‌లో ఉన్నది శాస్త్రీయ సోషలిజం పేరు చెప్పే ప్రభుత్వమేనని మనలో కొందరికి రుచించకపోయినా చెప్పాలి. 1979లో జపాన్‌లోని క్యోటో నుంచి వచ్చి మాట్లాడమని పిలుపు వస్తే సెలవు ఇవ్వలేదు. 1980లో గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో హార్మోనుల శాస్త్రవేత్తను తీసుకెళ్ళి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. యాభై ఏళ్ళు. రమాపద చౌధురి ఈ కథ మీద నవల రాస్తే, తపన్ సిన్హా దాన్ని ఏక్ డాక్టర్ కీ మౌత్ సినిమాగా తీశారు.

ఇక్కడ మనం మన వైపు నుంచి నిజాయితీగా ఆలోచించాలి. 1978లో నేను ఆ కమిటీలో ఉంటే ఏమనేవాణ్ణి? పెద్ద దావా, ఒకే ఒక్క కేసు. పూర్తి వివరాలతో పత్రం లేదు, పిండాల శీతలీకరణ మీద ఒక క్రయోజెనిక్స్ పత్రికలో చిన్న నివేదిక మాత్రమే. తల్లిదండ్రులు పేరు బయటపెట్టడానికి భయపడ్డారు, అది మా చిన్నమ్మ పళ్ళెం కథ తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. చెడిన నాళంలో సన్నని దారి మిగిలి మామూలుగానే గర్భం వచ్చి ఉండవచ్చు కదా? ఈ అనుమానాలు న్యాయమైనవే. స్వామీజీ గాల్లోంచి విభూతి తీశానంటే మనం అడిగేవీ ఇలాంటివే.

కానీ నా ఉద్యోగంలో ఒక తేడా నేర్చుకున్నాను. వోచరు సరిగా లేదు అని రాయడం వేరు, డబ్బు తిన్నాడు అని రాయడం వేరు. మొదటిదానికి తర్వాత ఒక ఉత్తరం వెళుతుంది, ఫలానా కాగితం పంపండి అని. ఆ స్వామీజీకీ ఈ డాక్టరుకీ తేడా అక్కడే ఉంది. స్వామీజీ మళ్ళీ చేసి చూపించమంటే చూపించడు. ఈయన ఏ హార్మోను, ఏ దారి, ఏ ద్రావకం, ఎన్ని రోజులు అన్నీ చెప్పారు. మళ్ళీ చేయడానికి ప్రయోగశాల, సహాయకులు, సెలవు కావాలి. అనుమానం ఉంటే ఇవ్వాల్సింది అవి. కమిటీ రుజువు కాలేదని రాసి ఊరుకుంటే ఇవాళ దాన్ని తప్పు పట్టేవాణ్ణి కాను.

పదహారేళ్ళు గడిచాక సరైన తనిఖీ జరిగింది. చేసినవారు టి.సి. ఆనంద్ కుమార్. ఆయన తక్కువవాడు కాదు. బొంబాయిలో ఆయన, ఇందిరా హిందూజా బృందం కృషితో 1986 ఆగస్టు 6న హర్ష అనే పాప పుట్టింది. దేశంలో మొదటి టెస్టుట్యూబ్ బిడ్డ అని ఆ పాపకే పేరు. 1997లో ఆయన కలకత్తా వెళ్ళినప్పుడు సుభాష్ ముఖర్జీ చేతిరాత కాగితాలు చేతికి వచ్చాయి. కూర్చుని చదివారు. సునీత్ ముఖర్జీతోనూ, దుర్గ తల్లిదండ్రులతోనూ మాట్లాడారు. మొదటి టెస్టుట్యూబ్ బిడ్డ శిల్పి సుభాష్ ముఖర్జీయేనని అదే ఏడాది ఏప్రిల్‌లో కరెంట్ సైన్స్ పత్రికలో తన పేరుతో రాశారు. తన ఖాతాలో పడ్డ మొత్తాన్ని తానే తిప్పి ఇంకొకరి ఖాతాకు జమ వేసిన తనిఖీదారును నేను సర్వీసులో చూడలేదు.

ఆయన వాదంలో నాకు నచ్చిన అంశం ఇది. హార్మోనులతో అండాలు పెంచడం, యోని గుండా తీయడం, పిండాన్ని గడ్డకట్టించి ఇంకో నెలలో పెట్టడం, ఈ మూడూ ఆ రోజున ఇంగ్లండువాళ్ళు చేయలేదు. లూయీస్ కేసులో సహజంగా పండిన ఒక్క అండం, పొట్టలో గొట్టం పెట్టి తీయడం, వెంటనే తిరిగి పెట్టడం. గడ్డకట్టించిన పిండంతో గర్భం ఆస్ట్రేలియాలో 1983లో వచ్చింది, బిడ్డ 1984లో పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా చేసేది ఈ హజారీబాగ్ డాక్టరు పద్ధతికి దగ్గర. అబద్ధం చెప్పేవాడు మూడు చోట్లా భవిష్యత్తును సరిగ్గా ఊహించగలడా? ఇది పూర్తి రుజువు కాదని ఒప్పుకుంటాను. ఊహ సరైనంత మాత్రాన ఆ ఒక్క గర్భం అలాగే వచ్చిందని తేలదు. కానీ కాగితాలు, మనుషులు, పద్ధతి, మూడూ ఒక వైపే మొగ్గుతున్నాయి. నా సంతకం ఆ వైపే.

ఈ శాస్త్రానికి ఇంకో కొస కూడా ఉంది. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో 70 దాటిన ఒక ఆమెకు కవల ఆడపిల్లలు పుట్టారు. అద్భుతం, దైవలీల అని టీవీలు ఊదరగొట్టాయి. అండాల లెడ్జరు ఖాళీ అయినా గర్భాశయం హార్మోనులు ఇస్తే పని చేస్తుంది. అండం మరొక స్త్రీది. లీల ఏమీ లేదు, ఆ వయసు తల్లికి ప్రమాదం మాత్రం చాలా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళ హద్దు పెట్టింది. మంచి పని.

మా రాష్ట్రంలో ఆడదానికి గొడ్రాలు కన్నా ప్రమాదమైన మాట ఇంకొకటుంది, డాయన్. ఊళ్ళో బిడ్డకు జబ్బు చేస్తే వేలు ఎటు చూపిస్తారో, పిల్లలు లేని ఒంటరి ఆడవాళ్ళకు ఇక్కడ బాగా తెలుసు. 1999లో బీహార్ చేసిన మంత్రగత్తె నిరోధక చట్టాన్ని 2001లో ఝార్ఖండ్ స్వీకరించింది. హత్యలు ఆగలేదు.

2003లో దుర్గ, అసలు పేరు కనుప్రియ, తన 25వ పుట్టినరోజున కలకత్తా సభలో అందరి ముందుకు వచ్చి మాట్లాడింది. ఆ వార్త నేను చిన్నమ్మకు చదివి వినిపించాను. అప్పటికి ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. నాళాలు చెడిన తల్లికి పుట్టింది పిన్నీ, నీకున్న లోపమే అన్నాను. ఏ ఏడు అంది. 78 అన్నాను. ఎక్కడ అంది. కలకత్తా, మన టాటానగర్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి హౌరా అన్నాను. ఆమె చేతిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అప్పట్లో టిక్కెట్టు ఎంతుండేదిరా?" అని అడిగింది.